పేరు లేని పండితసభ



చరిత్రచర్చ యనఁగానే మనలోఁ బలువురకు బిరుదములు గల యాచార్యులును, విశ్వవిద్యాలయ సౌధములును స్ఫురించును. "అది మనకెందులకు?" అని పుస్తకము మూసివేయుదుము. కాని పేరునైనఁ జెప్పుకొనని వారు గంభీరముగాఁ జరిత్రచర్చ సాగించిన దృష్టాంత మొకటి కలదు. దానిని ఈ నెల మీకు విన్నవించెదను.

1849వ సంవత్సరము నవంబరు నెలలో లండను నగరమున విలియం జాన్ థామ్స్ అను నతఁడు 'నోట్స్ అండ్ క్వెరీస్' అను వారపత్రికను స్థాపించెను. టిప్పణములు, ప్రశ్నలు అని దాని యర్థము. ఆయన ఆచార్యుఁడు కాఁడు. గుమాస్తాగాఁ బనిచేసి, పిమ్మటఁ బ్రభువుల సభలో నుపగ్రంథపాలకుఁడైన వాఁడు. జానపదుల కథలకును ఆచారములకును ఇంగ్లీషున 'ఫోక్‌లోర్' అను పేరు 1846లోఁ గల్పించినవాఁ డితఁడే. ఆ లేఖ క్రిందఁ దన పేరు పెట్టక 'ఆంబ్రోస్ మెర్టన్' అను మాఱుపేరు పెట్టెను.

ఈ పత్రికయందు ఒకరు ప్రశ్న వ్రాయుదురు: ఈ సామెత యెచ్చటిది? ఈ యాచార మెన్నఁడు పుట్టినది? మఱియొకరు తరువాతి సంచికలో బదులు వ్రాయుదురు. పెక్కు లేఖల క్రిందఁ బొడియక్షరములో మాఱుపేరో తప్ప వేఱు గుఱుతుండదు. వ్రాసినవారు మతగురువో, వర్తకుఁడో, ఇల్లాలో చదువరికిఁ దెలియదు. కావున "ఎవరు చెప్పిరి?" అనుటకుఁ దావు లేక, "ఎందుఁ జూచి చెప్పితిరి?" అను ప్రశ్నయే ముఖ్యమయ్యెను.

మాఱుపేరు చాటున నసత్యములు వ్రాయవచ్చును గదా యని మీరడుగవచ్చును. నిజమే. అందుచేతనే యాధార మడుగుట యావశ్యకము. గొప్ప పేరు గల మాటకును ఇదియే పరీక్ష. 1635లో మరణించిన థామస్ పార్ అను నతఁడు 152 సంవత్సరములు జీవించెనని ప్రసిద్ధి. వెస్ట్‌మినిస్టరు దేవాలయమున నాతని సమాధి కలదు. థామ్స్ 1873లోఁ బ్రకటించిన దీర్ఘాయుర్దాయ గ్రంథమున, ఆ వయస్సునకు సాక్ష్య మేదియని నిలదీసెను. ఒకే పేరు గల యిరువురలో నొకరి జననలేఖను మఱియొకరికిఁ దగిలించుట వలన నిట్టి ప్రమాదములు గలుగును. తాతపేరు మనుమనికిఁ బెట్టు మన యిండ్లలో నీ హెచ్చరిక మఱింత యవసరము.

చరిత్ర మనది కాదని యెవరును దలంపవలదు. పాఠశాల కేఁగి చదువని భండారు అచ్చమాంబగారు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను 1901లోఁ బ్రకటించిరి. వారికిఁ బట్టుదలయే పట్టము.

మీ యింట వృద్ధురాలు పాతకాలపు ముచ్చట చెప్పునప్పుడు ఒక పుస్తకమున వ్రాసికొనుఁడు. చెప్పిన దెవరు, కన్నదా విన్నదా, ఏ సంవత్సరమని తోఁచును అనునవి ప్రక్కనే యుండవలెను. పిమ్మట జాతకచక్రము, భూమి దస్తావేజు, పాత యుత్తరములు తీసి సరిచూడుఁడు. సరిపడనిచో వృద్ధురాలిని గించపఱుపక రెండు మాటలను వ్రాసి యుంచుఁడు. తరువాత వచ్చువా రెవరైన సందేహము దీర్పవచ్చును.

థామ్స్ పత్రికను నేఁడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమే ప్రకటించుచున్నది. పొడియక్షరములతో నడిచిన యా సభ విద్వాంసుల గౌరవమును బడసినది. మన వంటయింటి ప్రక్క నున్న పెట్టెలోని కాగితములకును ఆ గౌరవము రాఁదగును. వానిని జెదలకు విడువకుఁడు.