బ్రహ్మదేవుడి పగలు, ఏడో ఎక్కం

పెళ్లయినా, గృహప్రవేశమైనా పురోహితుడు సంకల్పం చెబుతూ కల్పం, మన్వంతరం, యుగం, పాదం వరసగా అప్పజెబుతాడు. ఆ వరసలో అన్నిటికన్నా పెద్దది కల్పం. బ్రహ్మకు ఒక పగలు, మనకు 432 కోట్ల ఏళ్లు. ఈమధ్య ప్రవచనాల్లోనూ వాట్సాప్‌లోనూ ఈ అంకెకు కొత్త గిరాకీ వచ్చింది. భూమి వయసు 454 కోట్ల ఏళ్లని సైన్సు ఇప్పుడు తేల్చింది కదా, మనవాళ్లు ఎప్పుడో 432 అనేశారు చూశారా అని.

చూద్దాం. 432 కోట్లు అంటే పగలు మొత్తం. ఆ లెక్క ప్రకారమే అది ఇంకా సగం కూడా గడవలేదు. ఆరుగురు మనువులు వెళ్లిపోయారు, ఏడోవాడైన వైవస్వతుడి ఏలుబడిలో ఇరవై ఎనిమిదో మహాయుగంలో ఉన్నాం. గడిచినది సుమారు 197 కోట్ల ఏళ్లు. పోల్చాలంటే 454తో పోల్చాల్సింది దీన్ని. సంకల్పంలో పురోహితుడు రోజూ చెప్పే సంగతే ప్రవచనకర్తకు గుర్తుండదు!

అంకె సంగతికొస్తే, 2ను పదకొండుసార్లు, 3ను మూడుసార్లు, 5ను ఏడుసార్లు వేసి గుణిస్తే 432 కోట్లు వస్తుంది. ఇంకే ప్రధాన సంఖ్యకూ అందులో చోటు లేదు. శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్యలు 384 ఉన్నాయి. భాగహారాలు చేత్తో చేసుకునేవాళ్లు ఏరికోరి పెట్టుకునే రకం ఇది. బాబిలోనియా పూజారి బెరోసస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలో, జలప్రళయానికి ముందు పదిమంది రాజులు 4,32,000 ఏళ్లు ఏలారని రాశాడు. మన కలియుగం కూడా సరిగ్గా అంతే. రోజుకు 86,400 సెకన్లు, అంటే 432కు రెండువందల రెట్లు. అరవైలతో లెక్కపెట్టిన చోటల్లా 2, 3, 5లు పోగుపడతాయి, 432 తలెత్తుతుంది. ఇక 4, 3, 2 కలిపితే తొమ్మిది, అది పూర్ణసంఖ్య అనేవాళ్లున్నారు. మన చేతులకు పది వేళ్లు ఉన్నాయి కాబట్టి తొమ్మిదికి ఆ దర్జా. ఎనిమిదే ఉండి ఎనిమిదుల్లో లెక్కపెట్టి ఉంటే ఇదే సంఖ్యను 660 అని రాసేవాళ్లం, అంకెల మొత్తం పన్నెండయ్యేది.

అసలు చిక్కు ఏడు దగ్గర. కల్పంలో 1000 మహాయుగాలు, వాటిని పంచుకోవాల్సిన మనువులు పద్నాలుగురు. ఏడు లేని సంఖ్య పద్నాలుగుకు ఎలా తెగుతుంది? తలా 71 ఇస్తే 994 అయి, ఆరు మిగిలాయి. ఆ ఆరింటినీ పదిహేను ముక్కలు చేసి, ఒక్కో ముక్క కృతయుగమంత, అంటే 17,28,000 ఏళ్లు చేసి, మనువులకు ముందూ వెనకా మధ్యలోనూ సంధులుగా సర్దారు. సర్దుబాటు చక్కగా కుదిరింది, కాదనను. కానీ పద్నాలుగు అనేది ముందే ఖాయమైపోయాక మిగులుకు చోటు వెతికిన మనిషి చెయ్యి ఇందులో కనిపిస్తూనే ఉంది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడికి ఈ అతుకు నచ్చినట్టు లేదు. మనువుకు 72 చొప్పున ఇచ్చి కల్పాన్ని 1008 మహాయుగాలు చేశాడు. కృత, త్రేత, ద్వాపర, కలి యుగాల 4, 3, 2, 1 నిష్పత్తినీ పక్కనబెట్టి నాలుగింటినీ 10,80,000 ఏళ్ల చొప్పున సమం చేశాడు. ధర్మం యుగానికో కాలు పోగొట్టుకోవడం ఆయన గణితానికి అక్కర్లేదు. మహాయుగం ఆయనకు ఉమ్మడి హారం, అంతే. 43,20,000 ఏళ్లకు 157,79,17,500 రోజులు అన్నాడు. రెండింటినీ 7,500తో కొట్టేస్తే 576 ఏళ్లకు 2,10,389 రోజులు, ఏడాదికి 365.2587. నేటి నాక్షత్ర సంవత్సరంతో తేడా మూడు నిమిషాల పైచిలుకే. ఇంత పెద్ద సంఖ్యతో పనేమిటంటే, గ్రహాల చుట్లన్నీ భిన్నాలు లేకుండా పూర్ణాంకాల్లో చెప్పడానికి.

మెచ్చుకోవాల్సింది ఈ పనిని. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు మాత్రం, సున్నాతో కూడికలూ తీసివేతలూ ఎలా చెయ్యాలో సూత్రాలు రాసిన అదే పుస్తకంలో, ఆర్యభటుడి యుగాలూ మనువులూ స్మృతులకు విరుద్ధమని తప్పుపట్టాడు.