పాటకు కడుతున్నామా, యాప్‌కు కడుతున్నామా?

పోయిన ఆదివారం మహానందిలో నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, నాతో వచ్చిన డిగ్రీ విద్యార్థిని అడిగింది: "మేడం, పాటల యాప్ ప్రీమియం తీసుకుందామనుకుంటాండా. తీసుకోవచ్చునా, దండగా?"

ఆ అమ్మాయిది గిద్దలూరు వైపు పల్లె. నంద్యాల హాస్టల్ నుంచి ఇంటికి పోవాలంటే నల్లమల ఘాట్ దాటాలి. అడవిలో సిగ్నల్ పోతుంది, పాట ఆగిపోతుంది. సిగ్నల్ ఉన్నచోట రెండు పాటలకొక ప్రకటన. అందుకని అడిగింది.

ముందు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. ప్రీమియంతో ముఖ్యంగా దొరికేవి మూడు. ప్రకటనలు ఉండవు. పాటలు దించుకుని నెట్ లేకున్నా వినొచ్చు. శబ్దం కాస్త మెరుగ్గా ఉంటుంది. ఈ మూడోది మన రోడ్డు పక్క ఇయర్‌ఫోన్లలో పెద్దగా తెలియదు. నెలకు నూటయాభై అనుకుంటే ఏడాదికి 1,800 రూపాయలు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307. అంటే ఇంట్లో అమ్మ దాదాపు ఆరు రోజులు ఎండలో మట్టి ఎత్తితే వచ్చే డబ్బు. ఆ డబ్బు పాటల మీద పెట్టడం తప్పని నేను అనను. పేదపిల్లలకు పాట ఎందుకు, పుస్తకం చాలదా అనే పెద్దమనుషులంటే నాకు ఒళ్లుమంట. కాకపోతే ఏడాదికి ఒకేసారి కట్టొద్దు. ఒక్క నెల తీసుకో, నెట్ లేనిచోట ఎన్నిసార్లు విన్నావో చూసుకో, అక్కర ఉంటేనే రెండో నెల కట్టు. విద్యార్థులకు తక్కువ ధర ఉందేమో కూడా చూడు. ఇదే చెప్పాను.

అయితే ఆ అమ్మాయి ఇంకో మాట అనింది. "ఊరికే వినడం తప్పు కదా మేడం? పాడినోళ్లకు డబ్బులు పోవాల కదా?"

ఈ మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

పాటకు డబ్బు కట్టాలా అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. మా వాడలో తప్పెట కొట్టడం తరతరాలుగా వెట్టి. ఊళ్లో జాతర అయినా, చావు అయినా, చాటింపు అయినా కబురొస్తే పోయి కొట్టాల్సిందే. ఇచ్చింది తీసుకోవాలి, ఇంతని అడగకూడదు. అడిగినవాడికి పొగరు అన్నారు. మా కొట్టుడికి కూలి కట్టాలని అడగడం, అవమానంగా కొట్టేది లేదని తప్పెట దించడం, 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా మళ్లీ భుజానికెత్తుకోవడం, ఇదంతా ఒకటే పోరాటం. ఇవాళ రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోందంటే, అది కులం మీద మోపిన చాకిరీ కాదు, కళ అని ఒప్పుకున్నట్టే. కాబట్టి "పాటకు డబ్బులేంది" అనే మాట మన నోట రాకూడదు. అది దొర మాట.

పాటకు డబ్బు కట్టాలి. కానీ యాప్‌కు కట్టడం, పాటకు కట్టడం ఒకటేనా?

స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. దాని లెక్క చూడండి. మనం కట్టిన డబ్బు మనం విన్న పాటకు నేరుగా పోదు. అందరి డబ్బూ ఒక కుప్పలో పడుతుంది. కంపెనీ తన వాటా తీసుకున్నాక, మిగిలింది మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో ఆ లెక్కన పాటల హక్కుదారులకు పంచుతారు. నేను నెలంతా ఒక్క తప్పెట కళాకారుడినే విన్నా, నా నూటయాభైలో ఎక్కువ భాగం ఆ నెల దేశమంతా మోగిన సినిమా పాటలకే చేరుతుంది. పైగా 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లన్నా వినిపించని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఏమీ రాదు. ఆ హక్కుదారు కూడా చాలాసార్లు పాడిన మనిషి కాదు, పాట కొనుక్కున్న కంపెనీ. ఒక పూట పాడించి, చేతిలో కొంత పెట్టి పంపించిన మనిషికి ఆ తర్వాత లక్షసార్లు మోగినా ఒకటే.

వేరే దారి లేక కాదు. ఒక శ్రోత కట్టింది ఆ శ్రోత విన్నవాళ్లకే పంచే పద్ధతిని 2021లో సౌండ్‌క్లౌడ్ మొదలుపెట్టింది. చేయాలనుకుంటే చేయొచ్చన్నమాట.

ఇప్పుడు నా సంగతి. నేను మూడేళ్లు ప్రీమియం కట్టాను. లెక్చరర్ని, కట్టగలను, కళాకారులకు మేలు జరుగుతుందని కూడా అనుకున్నాను. రెండు నెలల కింద అందులోనే ఒక పాట వినబడింది. మహానంది పక్క పల్లెలో మా పెద్దమ్మ వరినాట్లలో పాడే పాట. పల్లవి అదే, ఎత్తుగడ అదే, మా వాళ్లు మాత్రమే పలికే ఒక మాట కూడా అట్లే ఉంది. పాడిందెవరో కొత్త గొంతు. హక్కులు ఒక కంపెనీవి. రాసినవారి పేరు ఉండాల్సిన చోట "జానపదం" అని ఉంది.

పెద్దమ్మకు వినిపించాను. కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. "బాగానే పాడినాదిలే పాపా. పాట నాదేంది, మా అత్తది. మా అత్త పేరు యాడన్నా రాసినారా?" లేదన్నాను. "నువ్వు నెలనెలా డబ్బులు కడతావే, అవి ఎవరికి పోతాయి?"

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది నాకు. నోట మాట రాలేదు.

ఎందుకంటే ఈ తప్పు యాప్‌లది మాత్రమే కాదు, నా చదువుది కూడా. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి ఆ పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేశారు. ఆ మేలు మరవలేం. కానీ జానపద గేయానికి మేము తరగతిలో చెప్పే మొదటి లక్షణం ఏమిటి? "అజ్ఞాత కర్తృకం." నేనే ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. అజ్ఞాతం ఎవరికి? మా పెద్దమ్మకు తెలుసు అది వాళ్ల అత్త కట్టిన పాటని. సేకరించుకుపోయినవాళ్లు అడగలేదు, అంతే. పాట పదిమంది నోళ్లలో పెరుగుతుంది, ఒక్కరి సొత్తు కాదు, ఒప్పుకుంటాను. ఒక్కరిది కానంత మాత్రాన ఎవరిదీ కాకుండా పోదు కదా.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును కంపెనీకి రాసిచ్చేసే పని లేకుండా చేశారు. మంచి సవరణే. కాగితం మీద పేరున్నవాళ్లకు. 2021లో "సారంగ దరియా" సినిమాకెక్కినప్పుడు, అమ్మమ్మ దగ్గర నేర్చుకుని దాన్ని వెలుగులోకి తెచ్చింది నేనని వరంగల్ వైపు గాయని కోమలి నోరు తెరిచి అడిగితేనే, పేరు వేస్తాం, డబ్బు ఇస్తాం అనే మాట వచ్చింది. అడగలేనివాళ్ల సంగతేంటి?

పేరొస్తే చాలా అంటే, అదీ చాలదు. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య డక్కలి బిడ్డ. 2021లో "భీమ్లా నాయక్" పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మేలో హైదరాబాద్ దగ్గర తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టేచోట ఆయన కూలిపని చేస్తున్నాడని వార్త వచ్చింది. ఆ పాట ఆ రోజు కూడా ఎన్ని ఫోన్లలో మోగి ఉంటుందో.

నేను ప్రీమియం ఆపేశాను. ప్రకటనలు భరిస్తున్నాను. ఆ నూటయాభై ఒక కవరులో వేస్తున్నాను. నాతో పాటు ఐదుగురు విద్యార్థులు ఇరవయ్యో, ముప్ఫయ్యో కలుపుతున్నారు. పోయిన ఆదివారం మహానందికి వచ్చింది అందుకే. పెద్దమ్మ పాట రికార్డు చేసుకున్నాం. ఆ పూట పని పోయింది గనక కూలి ముందే చేతిలో పెట్టాం. కాగితం మీద తెలుగులో రాసుకున్నాం: పాట కట్టింది ఫలానా, నేర్చుకుని పాడింది ఫలానా, ఊరు ఇది, అడగకుండా ఎవరూ వాడరాదు, ఏమన్నా వస్తే పాడినవారిది. చదివి వినిపించాక పెద్దమ్మ వేలిముద్ర వేసింది. వాళ్ల అత్త పేరు రెండుసార్లు చదివించుకుంది.

ఇది పెద్ద పరిష్కారం కాదు. నెలకు మూడొందలతో ఎంతమంది గాయకులకు కూలి ఇస్తాం? ప్రీమియం కట్టేవాళ్లందరూ మానేయండని కూడా నేను చెప్పను. ఆ గిద్దలూరు అమ్మాయి ఒక నెలకు తీసుకుంది, ఘాట్‌లో హాయిగా వింటోంది, వినాలి. సౌకర్యానికి కడుతున్నప్పుడు సౌకర్యానికే కడుతున్నామని తెలిస్తే చాలు. కళాకారుల బాకీ తీరిపోయిందనుకోవద్దు.

ఈ సెలవులకు ఊరికి పోయే విద్యార్థులను ఒకటే అడుగుతున్నాను. మీ అవ్వ, మీ పెద్దమ్మ ఏదన్నా పాట పాడితే ఫోను పెట్టేముందు అడగండి: అవ్వా, ఇది నీకు ఎవరు నేర్పినారు? ఆ పేరు రాసుకోండి. ఆమె ఒప్పుకుంటేనే బయట పెట్టండి. పెడితే ఆ పేరుతోనే పెట్టండి.

జై భీమ్.