దక్షిణం గుమ్మం చవకే, అద్దె గడపే ఖరీదు

వాస్తు మీద హేతువాదులం రాసినన్ని వ్యాసాలు బహుశా ఇంకే మూఢనమ్మకం మీదా రాసి ఉండం. ఈశాన్యంలో నుయ్యి, నైరుతిలో బరువు, దక్షిణాన యముడు.. నవ్వి నవ్వి మనకే విసుగొచ్చింది. కానీ పిల్లలు పెరుగుతున్న ఒక మధ్యతరగతి కుటుంబం ఇల్లు కొనగలదా లేదా అన్న ప్రశ్నని మాత్రం బ్యాంకులకీ బిల్డర్లకీ వదిలేశాం. అది ఉత్త లెక్కల వ్యవహారం, మన పని కాదనుకున్నాం. ఆ లెక్కలో ఎంత మూఢనమ్మకం కలిసి ఉందో చూస్తే అలా వదిలేయం.

మా మేనల్లుడి సంగతే తీసుకోండి. హైదరాబాదులో ఉంటాడు. భార్యాభర్తలిద్దరికీ కలిపి నెలకి చేతికొచ్చేది లక్షా పది వేలు. ఈమధ్యే రెండో పాప పుట్టింది. మా అక్కయ్య, డెబ్భై నాలుగేళ్ల మనిషి, వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇల్లు ఇరుకైపోయింది. అద్దె 22 వేలు. "అద్దె దండగ మామయ్యా, అదేదో వాయిదా కడితే ఇల్లు మనదవుతుంది కదా" అని 1,250 చదరపు అడుగుల ఫ్లాటొకటి చూశాడు. అడుగు ఆరు వేలు. మొత్తం 75 లక్షలు.

కాగితం తీసుకుని కూర్చున్నాం. ఆ స్థాయి అప్పుకి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తారు. అంటే 60 లక్షల అప్పు, చేతి నుంచి 15 లక్షలు. స్టాంపులు, రిజిస్ట్రేషను ఖర్చు తెలంగాణలో మొత్తం 7.5 శాతం, అంటే మరో 5,62,500. దీన్ని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. వడ్డీ 8.5 శాతం, గడువు ఇరవై ఏళ్లు అనుకుంటే నెల వాయిదా 52,069 రూపాయలు. రాబడిలో దాదాపు సగం.

ఇప్పుడు చూడండి. మొదటి నెల కట్టే 52,069లో 42,500 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 9,569. నెలకి 22 వేల అద్దె దండగైతే, 42,500 వడ్డీని ఏమనాలి? అదీ అద్దే, బ్యాంకుకి కట్టేది. పైగా ఆ వడ్డీ రేటు నిలకడగా ఉండదు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. అప్పుడు ఎంతమంది వాయిదాలు తమకి తెలియకుండానే ఏళ్ల తరబడి పొడిగిపోయాయో వాళ్లనే అడగండి.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. కానీ ఉంటున్న ఇంటి ధర పెరిగితే, పిల్లలు ఎదిగాక కావలసిన మూడు గదుల ఇంటి ధరా పెరుగుతుంది. ఒకే ఊళ్లో పదిహేనేళ్లు ఉంటామనుకున్నవాళ్లు, చేతి సొమ్ము కోసం బంగారం, పీఎఫ్ కదిలించక్కర్లేనివాళ్లు కొనుక్కోవడం తెలివితక్కువ కాదు. "అద్దె దండగ" అన్న మాటని మంత్రంలా జపించడమే తెలివితక్కువ.

ఇక ఈస్ట్ ఫేసింగు. బిల్డరు దానికి అడుగుకి రెండొందలు అదనం అన్నాడు. రెండున్నర లక్షలు! అదీ అప్పే అయితే నెలకి 2,170, ఇరవై ఏళ్లకి అయిదు లక్షల పైచిలుకు. నేను వెళ్లి చూశాను. ఆ తూర్పు గుమ్మం తెరుచుకునేది కారిడార్లోకి. అక్కడ పట్టపగలు కూడా ట్యూబులైటు వెలుగుతోంది. వెలుతురంతా పడమటి బాల్కనీ నుంచే, ఎండాకాలం మధ్యాహ్నపు వేడితో సహా. ఏ సూర్యుడి కోసం ఆ డబ్బు? దక్షిణం గుమ్మం ఫ్లాటు తీసుకోరా, తగ్గించి ఇస్తారన్నాను. "అమ్మేటప్పుడు ఎవరూ కొనరు మామయ్యా" అన్నాడు. వాడికి వాస్తు మీద నమ్మకం లేదు. ఎదుటివాడి నమ్మకం మీద నమ్మకం ఉంది! తక్కువకి కొన్నది తక్కువకి అమ్మితే పోయేదేముంది? మధ్యలో ఇరవై ఏళ్ల వడ్డీ మిగులుతుంది కదా.

ఇంతవరకూ నాదే పైచేయి. అప్పుడు వాడు అసలు కారణం చెప్పాడు.

"లెక్క నాకూ తెలుసు మామయ్యా. ఇంకాస్త పెద్దిల్లు అద్దెకి దొరుకుతుందేమోనని ఆర్నెల్లుగా తిరుగుతున్నాం. పెద్దావిడ ఉన్నారా అని అడుగుతున్నారు. ఏమన్నా జరిగితే ఇక్కడికి తీసుకురాకూడదు, ముందే చెబుతున్నాం అంటున్నారు. అమ్మ వినేట్టుగానే!"

దీనికి నా కాగితం మీద గడి లేదు.

అద్దె ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని గడప లోపలికి రానివ్వకపోవడం మన తెలుగు ఊళ్లలో కొత్తేం కాదు. ఆస్పత్రి నుంచి తెచ్చి రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టిన కుటుంబాల గురించి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇల్లు మైలపడుతుందట, కీడట, తర్వాత ఎవరూ అద్దెకి రారట. "మీరేమిట్లు?" అని కులం అడగడం, ముస్లిం అని తెలియగానే ఇల్లు ఇచ్చేశాం అనడం, "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు కట్టడం సరేసరి. రాజ్యాంగం 15వ అధికరణం మతం, కులం పేరిట వివక్ష చూపొద్దని చెప్పేది ముఖ్యంగా ప్రభుత్వానికే.  2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహ సహకార సంఘం తమవాళ్లకే సభ్యత్వం అన్న నిబంధన పెట్టుకోవచ్చనే చెప్పింది.

కాబట్టి స్థోమత లేకపోయినా మావాడు కొనాలనుకుంటున్నది గోడలు కాదు, తల్లి తన మంచం మీద పోయే హక్కు. 22 వేల అద్దెకీ 52 వేల వాయిదాకీ మధ్య ఉన్న 30 వేలు ఇంటి యజమాని మూఢనమ్మకానికి ఈ కుటుంబం నెలనెలా కట్టబోయే పన్ను. దళితులు, ముస్లింలు ఈ పన్ను ఎప్పటినుంచో కడుతున్నారు. మనం మాత్రం వాస్తు పండితుణ్ణి వెక్కిరిస్తూ కూర్చున్నాం!

మన సభల్లో ముందు వరసలో కూర్చునేవాళ్లలో రెండో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు తక్కువేం లేరు. మీ అద్దెదారుణ్ణి ఏమేం అడిగి దింపారు? "నాకేం పట్టింపుల్లేవు గానీ మా ఆవిడ ఒప్పుకోదు" అనేవాళ్లు నాకు పేరు పేరునా తెలుసు. ఇంట్లో ఆవిడకి చెప్పలేనిది వేదిక మీద వెయ్యి మందికి చెబుతారా?

మా ఊళ్లో ఇంటికి మొన్న ఒప్పందం తిరగరాయించినప్పుడు ఒక వాక్యం చేర్పించాను: ఈ ఇంట్లో పురుడు పోసుకోవడానికీ, చనిపోయినవారిని తెచ్చి కార్యక్రమాలు జరుపుకోవడానికీ యజమానికి అభ్యంతరం లేదు. డాక్యుమెంటు రైటరు రాయడం ఆపి, "ఇలాంటివి ఎవరూ రాయించరు సార్" అన్నాడు. రాయమన్నాను. సంతకం పెట్టేటప్పుడు అద్దెకుండే ఆయన ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. ఆయన తండ్రికి ఎనభై దాటాయట, ఊళ్లో ఒంటరిగా ఉంటున్నాడట. తెచ్చుకోవచ్చా అని అడిగాడు.