అమ్మ ఇంగ్లీషుకి నవ్వేవాళ్ళకి

అమ్మ నోట ఒక ఇంగ్లీషు మాట రావడమే ఆలస్యం, ఇంట్లో నవ్వులు మొదలవుతాయి. "ఇస్కూలు" అంటే నవ్వు. "వెడ్నెస్‌డే"లో "డ" పలికితే నవ్వు. మనమూ వాళ్ళతోపాటు నవ్వేసి ఊరుకుంటాం. ఇకమీదట ఊరుకోకూడదని నేనంటాను.

ఎందుకంటే ఇది సరదాతో ఆగడం లేదు. నాకు తెలిసినావిడ ఒకరు పిల్లాడి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళడం మానేశారు. "నువ్వు రాకు, నాన్నని పంపు" అన్నాడట ఏడో తరగతి కొడుకు. వాడు లెక్కల క్లాసంటే భయపడి రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని తెలిసింది ఆవిడకే. మీటింగుకి వెళ్ళింది ఆయన. "ఎనీ ప్రాబ్లమ్?" అని టీచరడిగితే "నో ప్రాబ్లమ్" అని సంతకం పెట్టి వచ్చేశారు. నష్టం ఎవరికి?

ఇంతకీ మనం చేస్తున్న నేరమేమిటి? తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటేగానీ మన నోటికి హాయిగా ఉండదు. అందుకే బస్ బస్సయింది, పెన్ పెన్నయింది, రోడ్ రోడ్డయింది. జపాన్‌వాళ్ళు కూడా బస్‌ని "బసు" అనే అంటారు. "ఇస్కూలు" కథా అలాంటిదే. స్పానిష్‌లో బడిని "ఎస్కుయెలా" అంటారు. మనం ముందు "ఇ" తగిలించాం, వాళ్ళు "ఎ" తగిలించారు. వాళ్ళదైతే భాష, మనదైతే నవ్వులాటా?

పోనీ, ఆ ఇంగ్లీషయినా తిన్నగా ఉందా? అప్పుని "డెట్" అంటారు కదా, అందులో "బి" ఎందుకు? ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ అక్షరం లేదు. లాటిన్ మూలం కనబడాలని పండితులు తరవాత ఇరికించారు. "ఐలండ్"లో "ఎస్" అయితే వేరే మాటతో పొరబడి చేర్చింది. వాళ్ళు ఇరికిస్తే పాండిత్యం, ఉన్నదాన్ని ఉన్నట్టు చదివితే మనది తెలివితక్కువతనం! బ్రిటన్‌లో "షెడ్యూల్" అన్నది అమెరికాలో "స్కెడ్యూల్". అక్కడ ఎవరూ ఎవరినీ మీటింగుకి రావద్దనడం లేదు.

అలాగని ఏం మాట్లాడినా చెల్లుతుందని నేననను. యాస వేరు, తప్పు వేరు. మనకి "వ" ఒక్కటే, వాళ్ళకి రెండు. పడమటి దిక్కు "వెస్ట్"కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. బనీను "వెస్ట్"కి పైపళ్ళు కింది పెదవికి తగలాలి. "డిస్కస్ అబౌట్" అనక్కర్లేదు, "గురించి" అన్నది డిస్కస్‌లోనే ఉంది. "టుడే మార్నింగ్" మన "ఈరోజు పొద్దున"కి మక్కీకి మక్కీ, వాళ్ళయితే "దిస్ మార్నింగ్" అంటారు. "ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్" వద్దు, "ఐ హావ్" చాలు. ఇవన్నీ కలిపి పావుగంటలో చెప్పొచ్చు. చెప్పడానికి నవ్వక్కర్లేదు.

ఇంకోమాట. ఇంగ్లీషు మీడియం పిల్లలు "అమ్మా, నా కల్లు మండుతున్నాయి" అంటారు. కళ్ళు కాస్తా కల్లయినా, నీళ్ళు నీలయినా మనం ముద్దుగా వింటాం. సొంతభాషలో తప్పుకి ముద్దు, పరాయిభాషలో యాసకి వెక్కిరింతా? ఏం న్యాయం ఇది?

కాబట్టి తల్లులారా, ఈసారి మీటింగుకి మీరే వెళ్ళండి. వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడండి, రానిచోట తెలుగులో చెప్పండి. టీచరుకి తెలియాల్సింది మన ఉచ్చారణ కాదు, మన పిల్లల సంగతి. నవ్వినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి "ళ" నేర్పండి.