పఫర్ చేపకు తోడు అవసరమా?

గాజు తొట్టెలో రంగు చేపలను పెంచుకొనే అభిరుచి నేడు నగరాలకే పరిమితమై లేదు. అందువల్ల విస్తరణ శాస్త్రవేత్తలను ప్రజలు అడిగే ప్రశ్నలలో పంటలతో సంబంధం లేనివి కూడా చేరుతున్నాయి. "పఫర్ చేపను ఇతర చేపలతో కలిపి ఉంచవచ్చునా?" అనేది వాటిలో ఒకటి. నేను మత్స్య శాస్త్రవేత్తను కాను, సస్యశాస్త్ర ఆచార్యుడను. అయితే ఏ జీవిని ఏ జీవి పక్కన పెంచాలి అన్న విచారణ అంతర పంటలపై పాతికేళ్ళు పనిచేసిన వానికి కొత్తది కాదు. సాధారణ సిఫారసుగా నా సమాధానం, ఉంచరాదనే. ఈ అభిప్రాయానికి నా స్వంత పొరపాటే మొదటి ఆధారం.

మా ఇంట ఒక చిన్న తొట్టెలో గప్పీ చేపలు ఉండేవి. కొత్తగా తెచ్చిన నీటి మొక్కలతో పాటు నత్తల గుడ్లు కూడా వచ్చాయి. రెండు నెలలు గడిచేసరికి గాజు పలకల నిండా నత్తలే. దుకాణదారు మరుగుజ్జు పఫర్లను రెండింటిని వేయమన్నాడు. నత్తలు పోతాయని, గప్పీలకు ఏ హానీ ఉండదని చెప్పాడు. అతడు చెప్పిన మొదటి మాట నిజమే అయింది. మూడు వారాలలో నత్తలు కనిపించకుండా పోయాయి. నాలుగవ వారం నుండి గప్పీల తోక వాజాలు చిరుగుతూ వచ్చాయి, అవి ఒకటొకటిగా చనిపోయాయి. గప్పీలకు వేసే పొడి మేతను పఫర్లు ముట్టలేదు. వాటిలో ఒకటి కడుపు లోతుకుపోయి మరణించింది. చీడ పోయింది, పంట పోయింది, చివరకు చీడను తిన్న జీవి కూడా పోయింది.

నేను చేసినది శాస్త్ర పరిభాషలో జీవ నియంత్రణ. తరగతి గదిలో దాని మొదటి సూత్రాన్ని ఏటా బోధిస్తూ, ఇంట్లో మాత్రం మరచిపోయాను. వయ్యారిభామ కలుపు నియంత్రణకు 1983లో మెక్సికో నుండి జైగోగ్రామా పెంకు పురుగును తెప్పించినప్పుడు, అది ఇతర మొక్కలను తింటుందేమోనని ముందుగా పరీక్షించి, ఆ తరువాతనే పొలాలలో విడుదల చేశారు. అంత జాగ్రత్త వహించినా, అది పొద్దుతిరుగుడు ఆకులను తింటున్నదన్న వార్తలు తరువాతి కాలంలో పెద్ద చర్చకు దారితీశాయి. నత్తను తినే జీవి నత్తను మాత్రమే తింటుందని నేను ఏ పరీక్షా లేకుండానే భావించాను.

పఫర్ శరీర నిర్మాణాన్ని గమనిస్తే ఈ భావన ఎంత బలహీనమో తెలుస్తుంది. ఈ కుటుంబానికి టెట్రాడాంటిడే అని పేరు, అంటే నాలుగు దంతాలు కలది. పై దవడన రెండు, కింది దవడన రెండు దంత ఫలకాలు కలిసి చిలుక ముక్కు వలె ఏర్పడతాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి పెంకులను కొరకడం వల్లనే వాటికి అరుగుదల కలుగుతుంది. నత్తలను, చిన్న రొయ్యలను ఛేదించే ఈ పరికరానికి గప్పీ తోక ఒక లెక్క కాదు. వేలాడే పొడవాటి వాజాలు కలిగి, మెల్లగా ఈదే చేపలే ముందుగా గాయపడతాయి.

నష్టం ఏకపక్షం కూడా కాదు. పఫర్ ఆహారాన్ని చుట్టూ తిరిగి పరిశీలించి గాని నోట పెట్టదు. చురుకైన చేపలు ఈలోగా దానిని ముగిస్తాయి. పఫర్‌కు అందాలని మేత ఎక్కువగా వేస్తే, మిగిలినది కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. తొట్టెలోని నత్రీకరణ బాక్టీరియా శక్తికి మించి అమ్మోనియా చేరితే చేపలన్నీ బాధపడతాయి.

మరొక చిక్కు పేరులో ఉన్నది. రైతు "వరి వేశాను" అంటే మనం వెంటనే రకం అడుగుతాము. పఫర్ విషయంలోనూ జాతిని అడగాలి. మరుగుజ్జు పఫర్ పూర్తిగా మంచినీటి చేప, పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. ఆకుపచ్చ చుక్కల పఫర్ పిల్లలను కూడా దుకాణాలలో మంచినీటిలోనే ఉంచి అమ్ముతుంటారు. కాని అది పెద్దదయ్యేకొద్దీ నదీముఖాలలో వలె కొంత ఉప్పదనం గల నీటిని కోరుతుంది, సుమారు 15 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. దానిని సాధారణ మంచినీటి చేపలతో కలపడమంటే చౌడును తట్టుకొనే పంటను, తట్టుకోలేని పంటను ఒకే మడిలో వేయడమే. ఏదో ఒకటి నష్టపోక తప్పదు.

మిశ్రమ పెంపకానికి నేను వ్యతిరేకిని కాను. మన చెరువులలో బొచ్చె పై పొరలోను, శీలావతి నడిమి పొరలోను, ఎర్రమోసు అడుగునను మేస్తాయి. జొన్నలో కంది వేస్తే, జొన్న కోతకు వచ్చిన తరువాత కంది విస్తరిస్తుంది. స్థలంలోనో, కాలంలోనో, ఆహారంలోనో వాటా వేరుగా ఉన్నప్పుడే కలయిక లాభిస్తుంది. పఫర్ విషయంలో అట్టి విభజన లేదు, పైగా తోడుగా వచ్చినదే ఆహారం కావచ్చు.

"మా ఇంట్లో ఏడాదిగా కలిసే ఉన్నాయి" అనే వారు ఉంటారు. వారి మాటను నేను శంకించను. చేపల స్వభావంలో వ్యక్తిగత భేదాలు ఉంటాయి. తొట్టె పెద్దదై, మొక్కలు దట్టంగా ఉంటే ఘర్షణ తగ్గుతుంది. అయితే పునరావృతం లేని ఒక్క మడి ఫలితంపై మనం పంటకు సిఫారసు చేయము. ఇక్కడ మాత్రం ఎందుకు చేయాలి? కలిపి చూడదలచిన వారు దానిని ప్రయోగంగానే భావించాలి. విడదీయడానికి మరొక తొట్టెను సిద్ధంగా ఉంచుకొని, ప్రతిదినం వాజాలను గమనించాలి.

ఈ చర్చ గాజు తొట్టెతో ముగియదు. 1941లో హోరా, నాయర్ వర్ణించిన మరుగుజ్జు పఫర్ కేరళ, దక్షిణ కర్ణాటకలలోని పశ్చిమ కనుమల నదులకే పరిమితమైన జాతి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని ప్రమాద స్థితిలో ఉన్న జాతులలో చేర్చింది. ఆవాస నష్టంతో పాటు అక్వేరియం వ్యాపారానికై నదుల నుండి పట్టడం కూడా దానికి ముప్పుగా ఉన్నది. నత్తలను తినిపించి, ఆపై ఆకలితో చంపిన నా పఫర్ ఆ నదులలో ఏదో ఒక దాని నుండి వచ్చినదే కావచ్చు. ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నత్తలు అధికమైతే మేత తగ్గించడం, చేతితో ఏరివేయడం, కొత్త మొక్కలను కొన్నాళ్ళు విడిగా ఉంచి పరిశీలించడం చాలు. పఫర్‌నే కోరుకొనే వారు దానికొక ప్రత్యేక తొట్టెను, దట్టమైన మొక్కలను, నత్తల వంటి తగిన ఆహారాన్ని సమకూర్చాలి.

విస్తరణ వృత్తిలో మనకు "ఇది వేయండి, అది కలపండి" అని చెప్పే అలవాటు ఎక్కువ. విద్యార్థులు "వద్దు" అని కారణసహితంగా చెప్పడం కూడా నేర్చుకోవాలి. ఆ మాట నాకు సకాలంలో ఎవరైనా చెప్పి ఉంటే, లేదా నాకు తెలిసిన శాస్త్రాన్ని నేనే సకాలంలో గుర్తు చేసుకొని ఉంటే, మా తొట్టె ఖాళీ అయ్యేది కాదు.