రైలనిన నవ్వుట యేల?

ఇంటి పెద్దలు "రైలు వచ్చిన" దనఁగానే, "రైలనఁగా పట్టా, బండిని ట్రెయిననవలెను" అని దిద్ది నవ్వుట మన విద్యావంతుల యిండ్లలో నొక వేడుకయైనది. ఈ నవ్వు విద్యకు గుఱుతు కాదనియుఁ, బరభాషకుఁ జేయు వెట్టిచాకిరియే యనియు మేము చెప్పక తప్పదు.

ఆంగ్లమున రైలనఁగా నినుపపట్టాయే, కాదనువారు లేరు. తెలుఁగున పట్టాలు పట్టాలే. వానిపై నడచునది రైలు. రెండు వస్తువులకు రెండు పేర్లు స్పష్టముగా నుండఁగా లోప మెక్కడ? ఆటో సంగతియు నిట్టిదే. ఆంగ్లమున నది మోటారుకారును దెలుపు మాట. మనకు మూఁడుచక్రముల కిరాయిబండి. విజయవాడలో ఆటోను బిలువు మన్నచోఁ గారును దెచ్చి నిలుపువాఁడు గలఁడా?

శబ్దశుద్ధి విషయమున నాంగ్లేయుల నడవడి యెట్టిదో చూతము. లాటినుభాషలో 'ఓమ్నిబస్' అనఁగా 'అందఱికొఱకు' అని యర్థము. 1829లో షిల్లిబీరను నతఁడు లండను వీథులలో నీ పేరితో గుఱ్ఱపుబండిని నడపెను. పిమ్మట జనులు మాట తలను గోసి తోఁకను మిగిల్చిరి. ఆ తోఁకయే బస్సు. అది వట్టి విభక్తిప్రత్యయము! మనము బండికి 'కొఱకు' అని పేరు పెట్టినట్లున్నది. వ్యానన్నది పారసీకమున బిడారునకుఁ బేరైన కారవానులోని తునుక. కోచన్నది హంగరీలోని కోచ్ అను గ్రామము పేరు. పూరీ జగన్నాథుని పేరును జగ్గర్నాటుగా మార్చి, బ్రిటనులోఁ బెద్ద లారీలకుఁ బెట్టుకొనిరి. వారినిఁ జూచి నవ్వినవా రెవరు?

మఱియొక పక్షమువారు రైలును మాని ధూమశకట మనుఁడందురు. పొగ లేక విద్యుత్తుతో నడచు బండికి ధూమశకట మని పేరిడుట యెట్టి శుద్ధి? ఆ పొగ పండితుల కన్నులనే కప్పినట్లున్నది.

మాట యెచ్చటనుండి వచ్చినను, మన యింటఁ జేరినపిదప దాని యర్థమును నిర్ణయించు హక్కు వాడుకొనువారిది. పరదేశమునకుఁ బోవు బిడ్డకు నచ్చటి యర్థమును వేఱుగా నేర్పుఁడు, అది యవసరమే. బ్రిటనులో లారీ యైనది అమెరికాలో ట్రక్కగుటయు నేర్పుఁడు. కాని యా పాఠముతోఁ దల్లుల నోళ్లు మూయింపకుఁడు. నవ్వులకు వెఱచి బిడ్డలయెదుట మాటాడుటకే జంకు తల్లు లున్నారు. వారు మౌనము వహించినచో, తరువాతి తరమునకుఁ దెలుఁగు నందించువా రెవరు?

కావున నిఘంటుకర్తలు రైలు, బస్సు, ఆటోలకుఁ దెలుఁగువారి యర్థమునే మొదట వ్రాయవలెను. తెలుఁగు వ్యాసములో నా యర్థమున వాడిన బాలునకు నుపాధ్యాయుఁడు మార్కులు తగ్గింపరాదు. ఇది మేము కోరు దయ కాదు. భాషకుఁ జెల్లవలసిన న్యాయము.