పదకొండు మందికి మైకెందుకు?

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో మొన్న ఆదివారం ఆరాధనకు వెళ్లాను. మిషన్ కాలం నాటి గుడి. రెండొందల మంది పట్టే చోట పదకొండు మందిమి కూర్చున్నాం. అందులో నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి, ఒకరు పాస్టరమ్మగారు. మిగతావాళ్లలో ఎనిమిదిమంది అరవై దాటినవాళ్లే. తొమ్మిదోది నాయనమ్మ వెంట వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల. అయినా రెండు స్పీకర్లు పెట్టారు. అయ్యగారు ఖాళీ బల్లల వైపు చూస్తూ నలభై నిమిషాలు ప్రసంగించారు. "యవ్వనస్థులారా" అని రెండుసార్లు హెచ్చరించారు కూడా. వినడానికి ఒక్క యవ్వనస్థుడూ లేడక్కడ.

ఆరాధన అయ్యాక ఆ నాయనమ్మే అడిగేసింది: "మైకెందుకయ్యగారూ? మా పక్కన కూర్చుని చెబితే మాకు ఇనపడదా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. టీ తాగుతున్నప్పుడు మాత్రం నాతో అసలు మాట చెప్పారు. ఆయన చూసుకోవాల్సినవి నాలుగు పల్లెలు. పొద్దున ఏడింటికి ఒకచోట, తొమ్మిదిన్నరకు ఇక్కడ, మధ్యాహ్నం మూడోది, దీపాలవేళకు నాలుగోది. కానుకలు పెట్రోలుకు సరిపోతే గొప్ప. "మైకు తీసేస్తే సంఘం అయిపోయిందని మేమే ఒప్పుకున్నట్టు ఉంటదండీ" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు.

జనం ఏమయ్యారన్నది పెద్ద రహస్యమేం కాదు. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లారు. అక్కడ పెద్ద పెద్ద స్వతంత్ర సంఘాల్లో కలిశారు, లేదా ఫోన్లోనే ఆరాధన చూసుకుంటున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లలో కొందరు రోడ్డు మీద కొత్తగా వెలసిన ప్రార్థన మందిరానికి పోతున్నారు. క్రైస్తవుడని కాగితం మీద రాయించుకుంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు కాబట్టి, గుడికి వచ్చినా రిజిస్టర్లో పేరుకు జంకేవాళ్లూ ఉన్నారు.

ఈ ప్రాంతానికి లెక్కల పిచ్చి పాతదే. 1878 జూలై 3న క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇక్కడి ప్రసంగాల్లో వినని ఏడాది ఉండదు. దానికి ముందు కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనులు ఇప్పించి జనాన్ని బతికించాడు. తిండి కోసం వస్తున్నారేమోనని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. అంటే ఆయనకూ ఒట్టి అంకెల మీద అనుమానమే! ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జ్యూయెట్ దొరతో కలిసి ప్రార్థించింది అయిదుగురు. అప్పట్లో ఆ మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలో తర్జనభర్జన పడుతున్నారు. ఆ తర్వాత ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన పల్లెపల్లెకూ తిరిగి, తనవాళ్ల మధ్య కూర్చుని చెప్పాడు. 2,222 వెనకాల ఉన్నది అలాంటి గడప గడప తిరుగుడే. మనం ప్రసంగాల్లో అంకెను పట్టుకున్నాం, తిరుగుడును వదిలేశాం.

నా గొడవ ఇదే. రెండొందల మందికి కుట్టిన చొక్కాను పదకొండు మందికి తొడిగిస్తున్నాం. నలుగురు పిల్లలకు క్లాసేమిటని సండే స్కూలు ఎత్తేస్తున్నాం. వేసవిలో మాత్రం మనవళ్లు, మనవరాళ్లు ఊరికొస్తారని పది రోజులు వీబీఎస్ పెడతాం. యాక్షన్ పాటలు, బిస్కెట్ ప్యాకెట్లు, ఆఖర్రోజు ప్రైజులు. పదకొండో రోజు ఆ పిల్లల ఊసెత్తేవాళ్లు ఉండరు. (మిషన్ ఆస్తుల మీద కోర్టు కేసులు నడపడానికి మాత్రం మనవాళ్లకు ఎక్కడలేని ఓపిక.)

ఆ గుడిలో కూర్చున్న ముసలమ్మల్లో చదువు రానివాళ్లకు కూడా కీర్తనలు చరణాలతో సహా నోటికొచ్చు. ఆ పిల్లకు అంతకంటే మంచి టీచర్లు ఎక్కడ దొరుకుతారు? నగరంలోని మనవడికి శనివారం రాత్రి వీడియో కాల్ చేసి ఒక అధ్యాయం చదివించుకోమని ఏ అవ్వకైనా పాస్టరుగారు నేర్పొచ్చు. తొమ్మిది ఇళ్లే ఉన్నప్పుడు నెల తిరిగేలోగా ప్రతి గడపా తొక్కొచ్చు. పెద్ద సంఘం పాస్టరుకు ఎంత కోరుకున్నా కుదరని పని అది.

టీ గ్లాసులు ఇచ్చేస్తుంటే ఆ పిల్ల వచ్చి నిలబడింది. ఆ రోజు ప్రసంగం అయిదు రొట్టెల మీద.

"అయ్యగారూ, మిగిలిపోయిన పన్నెండు గంపలూ ఎవరు తీసుకెళ్లారు?"

ఆయన ఆగిపోయారు. "తెలీదమ్మా. నువ్వేమనుకుంటన్నావ్?"

"ఒక గంప ఆ రొట్టెలిచ్చిన పిల్లోడికి ఇచ్చుంటారు. వాళ్లమ్మకి చూపించుకోడానికి."

మూడో ఊరికి అప్పటికే ఆలస్యమైంది. పాస్టరమ్మగారు మైకు వైరు చుట్టేసి బండి దగ్గర నిలబడి ఉన్నారు. అయ్యగారు గుడి మెట్టు మీద ఆ పిల్ల పక్కన కూర్చుని, "మరి తక్కిన పదకొండో?" అని అడిగారు.